రేకు అచ్చు

జనవరి 8, 1964

ఇల్లు చేరాము. గూడూరు దాకా రైలు, అక్కడి నుంచి ఎద్దుల బండి. దారి పొడుగునా బండి కుదిపింది. పెంచలమ్మ ఒక్క మాట అనలేదు. మా ఇంట్లో ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడుతుంది. ఆమె నోరు మూసుకుందంటే నొప్పి ఎంతుందో నాకు తెలుసు.

మద్రాసులో ఆపరేషను బాగా జరిగిందన్నారు. క్యాన్సరు గడ్డ తీసేశారు. కింద దారి కుట్టేసి, కడుపు మీద ఎడమ పక్కన కొత్త దారి పెట్టారు. ఇక బతికినన్నాళ్లూ మలం అక్కడి నుంచే. దాని మీద రబ్బరు సంచి. సంచి జారకుండా నడుముకు పట్టీ. సంచికీ చర్మానికీ మధ్యన, నడుమ చిల్లు కోసిన మెత్తటి గుడ్డ బిళ్ల, దానికి తెల్లటి జింకు ముద్ద రాసి పెట్టాలి. రోజూ కడగాలి, రోజూ మార్చాలి.

"ఇంట్లో కూతురో కోడలో ఉన్నారా తాతా?" అని నర్సు ప్రేమలీల అడిగింది. నెల్లూరు పిల్లే. నేను నేల చూస్తుంటే పెంచలమ్మే చెప్పింది.

"ఎవరూ లేరమ్మా. ఈయనుండాడు. పడవల సందులు పూడ్చే పని. ఈయన పూడ్చిన సందులో చుక్క నీళ్లు రావు."

తల ఎత్తలేదు గానీ లోపల ఛాతీ ఉబ్బింది.

డాక్టరు చెప్పింది ఒకటే. గడ్డ మిగిలిన వేళ్లు చావాలంటే కరెంటు పెట్టాలి, అంటే మిషను కింద పడుకోబెట్టి కిరణాలు పట్టించాలి. మార్చి మొదట్లో తీసుకురమ్మన్నాడు. చర్మం పుండు పడి ఉంటే మాత్రం పెట్టడు. ఆలస్యమైతే గడ్డ మళ్లీ మొలుస్తుంది. పెంచలమ్మ అప్పటికింకా మగతలో ఉంది, ఆ ఆఖరి మాట వినలేదు. నేను విన్నాను.

అంటే చర్మం నా చేతిలో ఉంది. మంచిదే. నా చేతుల మీద నాకు నమ్మకం.

జనవరి 9

కిరసనాయిలు డబ్బా రేకుతో అచ్చు కోశాను. ఆసుపత్రిలో ఆఖరి రోజు నర్సు దారం పెట్టి కొలిచి ఇచ్చింది. ఆ దారం ప్రకారం చిల్లు తీశాను. అంచులు ఆకురాయితో నున్నగా రాశాను. ఇక అచ్చు గుడ్డ మీద పెట్టడం, గీయడం, కోయడం. పాత పంచెలన్నీ కోసి బిళ్లలు చేసిపెట్టాను. అన్నీ ఒక్క తీరున ఉన్నాయి. పేర్చి చూసుకున్నాను. అందంగా ఉన్నాయి.

మా మేస్త్రి అనేవాడు, అచ్చు ఒకసారి కుదిరాక దాని మీద చెయ్యి పెట్టొద్దురా, పలక కుదరకపోతే తప్పు పలకది అని. ఆ మాట పట్టుకుని ఇన్నేళ్లు కాలువ మీద పడవలు చేశాను. ఏ పడవా మునగలేదు.

బిళ్ల మార్చేటప్పుడు పెంచలమ్మ పమిట మొహాన కప్పుకుంటుంది. నేను గోడవైపు తిరుగుతాను. ఇన్నేళ్ల కాపురంలో ఆమెను పగటి వెలుతురులో ఎన్నడూ అట్లా చూడలేదు. ఇప్పుడు చూడటం మర్యాద కాదు. నా వేళ్లే చూస్తాయి. పడవ అడుగున వెల్లకిలా పడుకుని పని చేసేటప్పుడూ అంతే కదా.

జనవరి 12

చర్మం బాగుంది.

జనవరి 13

బాగుంది.

జనవరి 18

మరదలు మస్తానమ్మ వచ్చింది. గుమ్మంలో నిలబడే అరిచింది. "ఏం బావా, మా అక్కని ఉప్పేసి దాచినావా? వచ్చి ఇన్నాళ్లయినా మొహం చూపించదేం?"

కడుపులో గడ్డ తీశారని మాత్రమే ఊళ్లో చెప్పాము. మిగతాది చెప్పొద్దని పెంచలమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. లోపలి నుంచి ఆమే కేకేసింది. "నిద్ర పడతా ఉందే, రేపు రా."

"రేపు రేపంటే నీ గడ్డకి కాళ్లొచ్చి పోతాదా?" అని చేపల బుట్ట గుమ్మంలో పెట్టి మస్తానమ్మ వెళ్లిపోయింది.

పెంచలమ్మ వంటింట్లోకి కూడా రావడం లేదు. అంటు అంటుంది. ఎవరి అంటు, ఏం అంటు అని అడగాలనిపించింది. అడగలేదు. వంట నేనే చేస్తున్నాను.

జనవరి 24

బిళ్ల ఈమధ్య సులువుగా కూర్చుంటోంది. మొదట్లో నొక్కి సర్దాల్సి వచ్చేది. ఇప్పుడు అట్లా పెడితే ఇట్లా పడుతుంది. చెయ్యి తిరిగింది.

జనవరి 29

మంటగా ఉందంటోంది.

చేపల పులుసు వల్లే. చింతపండు, కారం. మానిపించాను.

ఫిబ్రవరి 2

మంట తగ్గలేదు. మా బావి నీళ్లు ఉప్పగా ఉంటాయి, దాని వల్లే. పొద్దున్నే ఇసుక దిబ్బల అవతల చెలమ తవ్వి తియ్యటి నీళ్లు తెచ్చాను. రెండు కడవలు. దోవలో అడిగినవాళ్లకు తాగడానికి అని చెప్పాను.

ఫిబ్రవరి 5

గుడ్డల్లో చాకలి సోడా మిగిలి ఉంటుంది. ఇక నుంచి బిళ్లల గుడ్డ నేనే ఉతుకుతాను.

ఫిబ్రవరి 8

పాలు మానిపించాను. పప్పు మానిపించాను. గంజి, మజ్జిగ.

పెంచలమ్మకు కోపం వచ్చింది. కోపం రావడం నాకు సంతోషమైంది. ఓపిక ఉన్నట్టే కదా.

"ఏందయ్యా, పులుసు మానిపిస్తివి, పప్పు మానిపిస్తివి. ఇంక గాలి ఒక్కటుండాది. అది కూడా మానిపించు, నీ పీడా పోతాది, నా పీడా పోతాది."

"అట్టా అనబాక" అన్నాను.

"రేపు పడవకి పూసినట్టు గుగ్గిలం కాచి పూస్తావు గామాల నా కడుపు మీద. పూసి కాలువలోకి దింపు. తేలతానో మునుగుతానో హజరత్తయ్యని పిలిచి చూపించు."

హజరత్తయ్య పడవల యజమాని. నా పని ఎక్కువగా ఆయన పడవల మీదే. నవ్వు వచ్చింది. ఆమె కూడా నవ్వబోయి, కడుపు పట్టుకుని ఆగిపోయింది.

ఫిబ్రవరి 10

బిళ్లకు రక్తం చెమ్మ.

జింకు ముద్ద మంచిది కాకపోవచ్చు. నెల్లూరు నుంచి వేరేది తెప్పించాలి. అచ్చులో తప్పు లేదు.

ఫిబ్రవరి 12

కొత్త మందు వచ్చింది. అదీ పట్టడం లేదు. తడి మీద నిలవదు. సంచి పక్క నుంచి కారుతోంది. రోజుకు ఎన్నిసార్లు మారుస్తున్నానో. బిళ్లలు అన్నీ సరిగ్గా కోసినవే. అచ్చులో తప్పు లేదు.

ఫిబ్రవరి 13

పెంచలమ్మ గంజి కూడా ముట్టలేదు. తినకపోతే కారదు కదా అంటుంది.

సాయంత్రం మెల్లగా అంది. "మార్చికి పోవద్దులే అయ్యా. ఈ ఒళ్లు చూస్తే వాళ్లెట్టా కరెంటు పెడతారు? వెనక్కి పంపిస్తారు. రానూ పోనూ నీకు చాకిరీ."

గడ్డ మళ్లీ మొలుస్తుందని డాక్టరు అన్న మాట చెప్పాలి. నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. చెలమ నీళ్లకు పోయాను.

ఫిబ్రవరి 15

ఈరోజు జరిగింది ఉన్నదున్నట్టు రాయాలి.

బండి కుదుపు ఆమెకు పడదు. పోతే కాలువ మీద పడవలోనే మద్రాసు పోవాలి. ఆ సంగతి అడగడానికి హజరత్తయ్య దగ్గరికి పోయాను. ఆయన సరుగుడు కట్టెలు తోలే పెద్ద పడవ మరమ్మతుకని గట్టు మీదికి లాగి ఉంది. ఎండకు తెల్లబడి ఉంది. పలకల సందుల్లోంచి కొబ్బరి పీచు బయటికి వేలాడుతోంది. పోయిన ఏడాది నేను కూరిన పీచు అది.

నన్ను చూసి ఆయన నలుగురి ముందూ మొదలుపెట్టాడు. "రా నరసయ్యన్నా, రా. నీ పనితనం చూద్దువు రా. వేలు పెడితే అవతలికి పోతా ఉండాది. నువ్వు కూరినావా, మా వదిన చేత కూరించినావా?"

అక్కడున్న పడవ వాళ్లు నవ్వారు. నేను నలుగురిలో గొంతెత్తే మనిషిని కాను. కానీ పని మీద మాట పడితే ఊరుకోలేను.

"పడవని ఎండలో పడేస్తివి. నీళ్లల్లో ఉన్నప్పుడు పలక ఉబ్బి ఉంటాది. గట్టెక్కితే చిక్కిపోదా? అప్పటి కొలత ఇప్పుడెట్టా సరిపోతాది? మళ్లా కళ్లతో చూసి, మళ్లా కొలుచుకోవాల గానీ..."

అక్కడ నా నోరు ఆగిపోయింది.

ఇంటి దోవ పట్టాను. "అన్నా, అలిగినావా? ఎగతాళికి అన్నాలే!" అని హజరత్తయ్య వెనక నుంచి కేకలేస్తున్నాడు. పడవ సంగతి అడగనే లేదు.

ఇంటికి వచ్చి పెరటి తలుపు బార్లా తెరిచాను. పట్టీ విప్పమన్నాను.

"పొద్దున్నే గదా మార్చింది. ఆ తలుపు వెయ్యి, ఎవరన్నా వస్తారు."

"వెలుతురు కావాల."

ఆమె పమిట మొహాన కప్పుకుంది. నేను గోడవైపు తిరగలేదు. చూశాను.

ఆ కొత్త దారి నోరు చిక్కిపోయింది. ఆసుపత్రిలో వాచి ఉన్నప్పుడు కొలిచిన కొలత. వాపు తగ్గి ఎన్నాళ్లయిందో. ఇప్పుడు నా చిల్లులో సగం కూడా లేదు. దాని చుట్టూ బిళ్ల కప్పని చోటంతా తోలు ఊడి పచ్చిగా ఉంది. బిళ్ల ఉన్న చోట శుభ్రంగా ఉంది. పుండు అంచు గుండ్రంగా, గీత గీసినట్టు ఉంది. నా అచ్చు ఆమె ఒంటి మీద దిగింది.

బిళ్ల సులువుగా కూర్చుంటే చెయ్యి తిరిగిందని రాసుకున్నాను.

పెంచలమ్మ పమిట తీసింది. "చూసినావా?"

"చూసినాను."

"ఎట్టుండాది?"

"అచ్చు పెద్దది. తప్పు నాదే."

నా మొహంలోకి చూసింది. "వదులుగా ఉండాదని నేను చెప్దామనుకుంటానే ఉండా. నీ అచ్చుని ఏమన్నా అంటే నువ్వు అన్నం మానేస్తావు గదా."

డాక్టరు చెప్పింది అప్పుడు చెప్పాను. కరెంటు ఆలస్యమైతే గడ్డ మళ్లీ మొలుస్తుందని. ఆమె కళ్లు తుడుచుకుంది. తర్వాత కసిరింది.

"ఇంక గోడ చూడబాక. గోడకేం పుండు లేదు."

ఫిబ్రవరి 16

పాత అచ్చు కాలువలో పారేద్దామని తీసుకుపోయాను. పారేయలేదు. సూరులో చెక్కాను.

కొత్తది కోశాను. ఈసారి పగలు, పెరట్లో, దారంతో మూడుసార్లు కొలిచి. గుండ్రం కూడా కాదు అది. ఒక పక్క కొంచెం కోలగా ఉంది. వేళ్లకు ఆ సంగతి తెలియలేదు. ఇన్నాళ్లూ వేళ్లను మెచ్చుకున్నాను.

ఇంకొకటి. పడవ పలక తడిగా ఉంటే గుగ్గిలం పట్టదని పని నేర్చుకునే పిల్లలకు కూడా చెప్పేవాణ్ణి. ఇక్కడ తడి మీదే ముద్ద పులుముతున్నాను. ఈరోజు కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, విసనకర్రతో బాగా ఆరనిచ్చి అప్పుడు రాశాను.

"చల్లగా ఉండాది" అంది.

ఫిబ్రవరి 18

కారలేదు.

ఫిబ్రవరి 19

కారలేదు. గంజి తాగింది. ఇంకా పొయ్యమంది.

ఫిబ్రవరి 23

అంచుల నుంచి కొత్త తోలు వస్తోంది. పల్చగా, లేత గులాబీ రంగు. ఉల్లిపొర లాగా. తాకడానికి భయమైంది.

మళ్లీ కొలిచాను. పుండు మానేకొద్దీ కొలత మారుతోంది. ఇంకో అచ్చు. మా మేస్త్రి ఉంటే తిట్టేవాడు. తిట్టనీ.

ఫిబ్రవరి 26

నేను చేపల పులుసు చేశాను. పెంచలమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కంచం పక్కకు జరిపింది. "పడవకి పూసేది తెచ్చి నాకు పోసినావా?" అని లేచి వంటింట్లోకి నడిచింది. గడప దగ్గర ఒక్క క్షణం ఆగింది. నేను పీట వేశాను. కూర్చుంది. చింతపండు పిసికింది.

అంటు సంగతి ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

రెండు సార్లు వడ్డించుకుని తిన్నాను.

మార్చి 1

హజరత్తయ్య పడవ సందులన్నిట్లో మళ్లీ పీచు కూరాను. గుగ్గిలం పూశాను. నీళ్లలోకి దింపారు. రేపు బయలుదేరుతున్నాము. మద్రాసు దాకా తీసుకుపోతానన్నాడు. "వదినని పల్లకీలో తీసుకపోయినట్టు తీసుకపోతాను, చూసుకో" అన్నాడు.

మస్తానమ్మకు పెంచలమ్మ చెప్పేసింది. అంతా. మస్తానమ్మ ఏడ్చి, ముక్కు చీది, "ఇదా నువ్వు దాచింది! నీకు రెండు నెలలు చేపలు మోసి నా నడుం పడిపోయింది, ముందే చెప్తే కబుర్లు చెప్పుకుంటా కూర్చోనుందుము గదా" అంది. ఉతికిన పాత చీర తెచ్చిచ్చింది, బిళ్లలకు.

మార్చి 3

తడ దాటాము. సరస్సు నీళ్ల మీద పడవ కదిలినట్టే లేదు. కట్టెల మీద పరుపు వేసి పెంచలమ్మను పడుకోబెట్టాను. కొంగలను చూస్తూ ఎవరితోనో ఒకరితో మాట్లాడుతూనే ఉంది.

పొద్దున పడవ అడుగున చెయ్యి పెట్టి చూశాను. పొడి. ఆమె పట్టీ కింద చూశాను. పొడి.

ఇంతకంటే నాకు రాయడం రాదు.

మార్చి 6

డాక్టరు చూశాడు. నేను తెర బయట ఉన్నాను. "చర్మం బాగుంది. రేపటి నుంచే మొదలుపెట్టండి" అన్నాడు. అంతే. ఆయన పక్క మంచానికి పోయాడు. నేను లోపలికి పోయి పెంచలమ్మకు పట్టీ మళ్లీ కట్టాను.

మార్చి 7

కరెంటు పెట్టే చోట చర్మం మీద ఊదారంగు మందుతో గీతలు గీశారు. తుడవొద్దన్నారు. పెంచలమ్మ "ఈ వయసులో పచ్చబొట్టు" అంటుంది. గీత గీసుకుని పని చేసేవాళ్లంటే నాకు గురి. గీతల జోలికి నీటి చుక్క పోకుండా కడుగుతున్నాను.

మార్చి 19

కరెంటు పెట్టిన చోట ఎర్రబడింది. ఎండ దెబ్బ తగిలినట్టు. అది మామూలేనని ప్రేమలీల చెప్పింది. కొత్త దారి చుట్టూ మాత్రం మచ్చ లేదు. పట్టీ ఆ ఎర్రటి చోట ఒరుసుకోకుండా మడత పెట్టి కుట్టాను. విరేచనం పల్చగా అవుతోంది, కరెంటుకు అట్లా అవుతుందట. రోజుకు ఇంకో బిళ్ల ఎక్కువ. అంతే కదా.

మార్చి 24

నీరసం. అన్నం సయించడం లేదంటుంది. ఆమె మాటలు తగ్గాయి. వార్డులో అందరూ అడుగుతున్నారు, మీ ఆవిడ గొంతు వినపడటం లేదేమని.

చర్మం బాగుంది.

మార్చి 30

కరెంటు ఇంకొన్నాళ్లే అన్నారు. ఈరోజు అరవ ఆయాతో తగాదా పడింది. ప్రాణం లేచి వచ్చింది నాకు.

ఏప్రిల్ 2

పక్క మంచానికి కొడవలూరు దగ్గరి వాళ్లు వచ్చారు. వరి పండించే కుటుంబం. ఆమె ఇందిరమ్మ, నలభై లోపే. ఆయన రంగనాయకులు. ఆమెకు అదే ఆపరేషను అయింది. ఎవర్నీ దగ్గరికి రానీయదు. గోడవైపు తిరిగి ఏడుస్తుంది. సంచి కారి చుట్టూ పుండు పడిందట. కరెంటు ఆపేశారట.

ప్రేమలీల పెంచలమ్మ చెవిలో ఏదో చెప్పింది. పెంచలమ్మ లేచి ఆ మంచం దగ్గరికి నడిచింది. తెర లాగారు. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. అన్నీ వినపడుతున్నాయి.

"ఏడవబాకమ్మా. ఇటు తిరుగు. నాది చూడు."

పట్టీ విప్పిన చప్పుడు.

"చూడమంటే కళ్లు మూసుకుంటావేందే? చూడు. చెయ్యి పెట్టి చూడు. పుండుండాదా? మచ్చుండాదా?"

"లేదు పెద్దమ్మా" అని సన్నటి గొంతు.

"మొన్న ఫిబ్రవరిలో నాది నీ దానికంటే పాడుగా ఉండింది. చచ్చిపోదామనుకున్నా. ఇప్పుడు చూడు, పసిబిడ్డ బుగ్గ మాదిరి."

"ఎవరు చేస్తారు మీకు? కూతురా?"

"కూతురేంది! మా ఆయన. బయట నేల చూస్తా కూర్చోనుండాడే, ఆ ముసలాయన. ఆయన పని ఇది. కాలువ మీద అడుగు పో, ఆయన చెయ్యంటే ఏందో చెప్తారు."

సొంత చెల్లెలికి చెప్పడానికి సిగ్గుతో చచ్చిపోయిన మనిషి. వంటింటి గడప దాటని మనిషి. తెర వెనక పరాయి పిల్ల ముందు కడుపు తెరిచి చూపిస్తోంది, కొత్త నగ చూపించినట్టు.

పడవ నీళ్లలోకి దిగినప్పుడు జనం చేతులు పెట్టి పలకలు తడిమి చూస్తారు. ఇన్నేళ్లూ అదే నాకు గొప్ప అనుకున్నాను.

ఏప్రిల్ 3

రంగనాయకులు నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆయనా మాటల మనిషి కాదు. ఇద్దరం టీ తెచ్చుకున్నాము. ఆఖరికి ఆయనే అన్నాడు. "అన్నా, మీ కాడ రేకు అచ్చు ఉండాదంట. ఒకసారి ఇస్తే నేను కూడా గుడ్డలు కోసుకుంటాను."

"ఇవ్వను" అన్నాను.

ఆయన మొహం చిన్నబోయింది. నేను కంగారుపడి చెప్పడం మొదలుపెట్టాను. అది పెంచలమ్మ కొలత అని, నీ భార్యది నువ్వే కొలవాలని, ఈరోజు కొలిచింది వచ్చే వారానికి పనికిరాదని, వాపు తగ్గుతుందని, మళ్లీ కొలవాలని. కడిగి ఆరనివ్వమని. తడి మీద ముద్ద పెట్టొద్దని. పడవ గట్టెక్కితే పలక ఏమవుతుందో కూడా చెప్పాను. వరి చేను వాళ్లకు పడవ సంగతి ఏం తెలుస్తుంది, అయినా విన్నాడు.

"చూడటానికి నాకు మనసు రాదన్నా" అన్నాడు, నేల చూస్తూ. "ఆమె పక్కకు తిరుగుతాది, నేను పక్కకు తిరుగుతాను."

"గోడ చూడబాక" అన్నాను. "గోడకేం పుండు లేదు."

ఆయన నాకేసి చూశాడు. తర్వాత లోపలికి పోయాడు. తెర లాగిన చప్పుడు అయింది. నా టీ చల్లారిపోయింది.

వెనక్కి తిరిగితే పెంచలమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. అంతా వింది.

"ఏందయ్యా, నీ కాడ ఇన్ని మాటలుండాయా? ఇన్నేళ్లు యాడ పెట్టినావు?"

చల్లారిన టీ తాగేశాను. మాటలు ఈరోజుకు అయిపోయాయి.